మాటతో కూడా సేవ చేయవచ్చన్న నైటింగేల్

చేతిలో దీపం పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మను మనమంతా పాఠ్యపుస్తకాల్లో చూశాం. ఆమె పుట్టినరోజైన మే 12ను నర్సుల దినోత్సవంగా జరుపుకుంటారని చదువుకున్నాం. రోగితో ఎలా మాట్లాడాలో కూడా ఆమె రాసిపెట్టిందని మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె జీవితాన్ని గుర్తు చేసుకుంటున్నాం.

ఆమె 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఒక సంపన్న ఇంగ్లీషు కుటుంబంలో జన్మించింది. ఊరి పేరే ఆమెకు పెట్టారు. ఆ రోజుల్లో నర్సు పని అంటే అందరికీ చిన్నచూపు. ఇంట్లో వాళ్లు ససేమిరా అన్నారు. ఆమె ఏళ్ల తరబడి పట్టుబట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొందింది.

1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన బ్రిటిష్ సైనికులకు సేవ చేయడానికి 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ గాయాల కన్నా అంటురోగాలతోనే ఎక్కువ మంది చనిపోయేవారు. ఆమె వెళ్లిన వెంటనే మరణాలు ఆగలేదు. 1855లో మురుగు కాలువలు బాగుచేశాకే బాగా తగ్గాయి. ఆమె రాత్రిళ్లు దీపంతో వార్డులన్నీ తిరిగేది. చనిపోయిన సైనికుల ఇళ్లకు ఉత్తరాలు రాసేది. బతికున్నవారు ఇంటికి డబ్బు పంపుకునే ఏర్పాటు కూడా చేసింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఆమే జబ్బుపడి ఏళ్ల తరబడి మంచం పట్టింది. సేవ చేసే చేతుల కష్టం, మంచం మీద ఉన్నవారి బాధ రెండూ ఆమెకు తెలుసు. 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' పుస్తకంలో ఆ అనుభవం కనిపిస్తుంది. రోగి మెడ తిప్పే అవసరం లేకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడాలని అందులో చెప్పింది. గదిలో గుసగుసలాడితే రోగి తన గురించేనని హడలిపోతాడని హెచ్చరించింది. బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడు వస్తామో ముందే చెప్పాలంది. ఏమీ తెలుసుకోకుండా తగ్గిపోతుందిలే అని పైపై ధైర్యం చెబితే రోగికి మేలు జరగదని, అతని మనసులోని దిగులు మనసులోనే ఉండిపోతుందని వివరించింది.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

ఆమె చెప్పినవాటికి పైసా ఖర్చు లేదు. హాస్టల్ పిల్లలమైన మనకు వాటి విలువ బాగా తెలుసు. అమ్మానాన్నలు ఎక్కడో ఊళ్లో ఉంటారు, మనం జ్వరంతో ఆసుపత్రి మంచం మీద ఉంటాం. అలాంటప్పుడు సిస్టర్ పేరు పెట్టి పిలిచి, ఈ సూది ఎందుకో చెప్పి వేస్తే సగం భయం పోతుంది. ఏమీ చెప్పకుండా వెళ్లిపోతే రాత్రంతా నిద్ర పట్టదు.

హాస్టళ్లలో చదువుకుని నర్సింగ్ వైపు వెళ్లే అక్కలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు ఈ సంగతి మరువకూడదని మా కోరిక. మనమంతా నర్సులం కాకపోవచ్చు. కానీ పక్క మంచం మీది తోటి విద్యార్థికి జ్వరం వచ్చిన రాత్రి, ఎదురుగా కూర్చుని ఎలా ఉందని అడిగి, చెప్పేది చివరిదాకా వినడం మన చేతిలో పనే.