నిరాదరణకు గురియైన పాట

మొదటి ప్రయత్నం ఫలించనంత మాత్రాన ఏ పనినీ వ్యర్థమని తీర్పు చెప్పరాదు. అమెరికా గాయకుడు బడ్డీ హాలీ చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. అతడు జీవించినది ఇరవై రెండేండ్లు మాత్రమే. కీర్తి ననుభవించినది రెండేండ్లయినా లేదు.

హాలీ 1936 సెప్టెంబరు 7వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి లబ్బక్ పట్టణంలో, సంగీతాభిరుచి గల కుటుంబంలో జన్మించాడు. 1955లో ఆ ఊరికి వచ్చిన ఎల్విస్ ప్రెస్లీ గానం విని, రాక్ అండ్ రోల్ బాణీకి ఆకర్షితుడైనాడు.

1956లో 'ది సెర్చర్స్' అనే చలనచిత్రం విడుదలైనది. అందులో కథానాయకుడు జాన్ వేన్, అది ఎన్నటికీ జరగదన్న ధ్వనితో ఒకే మాటను పదేపదే పలుకుతాడు. హాలీ, డ్రమ్ములు వాయించే మిత్రుడు జెర్రీ ఆలిసన్ ఆ మాటనే పల్లవిగా చేసికొని 'దట్ విల్ బి ద డే' అన్న పాట కూర్చారు. ఆ జూలైలో డెక్కా కంపెనీ దానిని నాష్‌విల్‌లో రికార్డు చేసినది గాని వెలువరించలేదు. మరుసటి జనవరిలో ఒప్పందమును కూడ పొడిగించలేదు. పైగా ఆ పాటను ఐదేండ్లదాకా వేరొకచోట పాడరాదన్న నిబంధన ఒకటి!

హాలీ నిరుత్సాహపడలేదు. 1957 ఫిబ్రవరి 25న న్యూ మెక్సికోలోని క్లోవిస్‌లో, నార్మన్ పెట్టీ స్టూడియోలో అదే పాటను తిరిగి పాడాడు. అక్కడ రుసుము గంటల లెక్కన గాక పాటల లెక్కన ఉండేది. కనుక తీరికగా సాధన చేయుటకు వీలు చిక్కినది. నిబంధన అడ్డురాకుండ తన పేరు మాని, బృందానికి 'క్రికెట్స్', అనగా కీచురాళ్లు, అని పేరు పెట్టారు. మే నెలలో వెలువడిన ఆ రికార్డు సెప్టెంబరు నాటికి అమెరికాలోను, నవంబరులో బ్రిటన్‌లోను అగ్రస్థానం పొందినది. విచిత్రమేమనగా, దానిని వెలువరించిన బ్రన్స్‌విక్ డెక్కాకు అనుబంధ సంస్థయే!

1959 ఫిబ్రవరి 3న అయోవా రాష్ట్రంలోని క్లియర్ లేక్ సమీపంలో విమానం కూలి హాలీ మరణించాడు. అప్పటికి అతనికి వివాహమై ఆరు మాసాలే.

పాట మాత్రం నిలిచినది. గిటారు, డ్రమ్ములు, నిరాడంబరమైన బాణీ: ఇంతకుమించి అందులో ఆర్భాటం లేదు. అందుచేతనే సామాన్యులైన బాలురు కూడ మనమూ పాడగలమనుకొన్నారు. 1958లో లివర్‌పూల్‌లో కొందరు కుర్రవాళ్లు తమ మొట్టమొదటి రికార్డుకు ఈ పాటనే ఎన్నుకొన్నారు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్ వారిలోనివారే. తరువాత వారే బీటిల్స్‌గా విఖ్యాతులైనారు. ఒకనాడు మూలబడిన ఆ పాటను 2005లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచదగిన రికార్డుల జాబితాలో చేర్చినది.