డాక్టరు ఎడ్వర్డు లారీ

పాలమూరు 1890లో మహబూబునగరమయ్యెను. ఆ పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుది. క్లోరోఫారము ప్రాణము తీయుట గుండె నాపుట చేతనా, ఊపిరి నాపుట చేతనా యను తగవు తీర్చుటకై 1889లో వేయి పౌనుల నొసగినది ఆ ప్రభువే. నిజాము ఖజానాలో నల్లగొండ, పాలమూరు మెట్టచేల రైతుల శిస్తును గలదు. కావున హృద్రోగ శాస్త్రచరిత్రలోని యీ ఘట్టమున మన పల్లెలకును, అవి యెరుగకయే, కొంత భాగము గలదు.

ఈ పరిశోధనకు మూలపురుషుడు హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ. ఆయన 1846లో జన్మించి ఎడింబరోలో సైము కడ శస్త్రవైద్యము నేర్చెను. రోగి శ్వాసను గనిపెట్టుడు, నాడిని పట్టి కూర్చుండకుడని సైము బోధ. లండను వైద్యులు అట్లు గాక, అపాయమంతయు గుండెలోనే యున్నదనిరి. 1848లో హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి, క్లోరోఫారము పీల్చిన నిమిషములలోనే మరణించెను. అది మొదలు ఈ వివాదము చల్లారలేదు.

1885లో హైదరాబాదు వచ్చిన లారీ వైద్యపాఠశాలకు అధిపతియై, స్త్రీలకు ప్రవేశము గల్పించెను. అంతవరకు ఉర్దూలో సాగిన బోధనను ఇంగ్లీషునకు మార్చెను. ఈ రెండవ పనిని మేము మెచ్చజాలము. 1888లో ఆయన యేర్పరచిన కమీషను కుక్కలపై పరీక్షలు జరిపి, శ్వాసయే ముందు నిలుచునని తేల్చెను. లండనులోని లాన్సెటు పత్రిక నమ్మలేదు. నిజాము ధనముతో ఆ పత్రిక పక్షమున లాడర్ బ్రంటను వచ్చెను. ఆయన గుండె పక్షమువాడు. రుస్తుంజీ హకీము మొదలగువారితో గూడి నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించి, తుదకు లారీ పక్షమునకే మరలెను. వేగసు నాడి గుండెను మందగింపజేయుట కూడ రక్షణయే యని వారు వాదించిరి. రక్తము మెల్లగా సాగిన విషమును మెల్లగా చేరునని వారి యూహ.

గట్టిగా మత్తు నిచ్చిన జంతువుల విషయమున వారు చూచినది నిజమే. కాని 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెలు, షోరు అనువారలు క్లోరోఫారము గుండెకండను నేరుగా క్రుంగదీయునని చూపిరి. 1911లో లీవీ అసలు చిక్కు విప్పెను. మత్తు తేలికగా నున్నపుడు శరీరమున అడ్రినలిను పొంగెనేని, గుండె కొట్టుకొనుట మాని వణక నారంభించును. శ్వాస యింకను ఆడుచుండగనే ప్రాణము పోవును. భయముతో గింజుకొను బాలికలకు గలుగునది యిదియే. హైదరాబాదున నిండుగా మత్తు గొన్న కుక్కలలో ఇది కానరాలేదు.

ఈ లోపల లారీ మాట నమ్మి నాడిని చూడక మత్తు నిచ్చినవారెందరో! సికిందరాబాదున 1897లో రాసు దోమలో మలేరియా క్రిమిని గనుగొన్నను, అట్టి క్రిమియే లేదని వాదించిన పట్టుదల లారీది. ఆయన 1901లో హైదరాబాదు విడిచి, 1915లో మరణించెను. క్లోరోఫారము నేడు శస్త్రశాలలలో లేదు. మత్తు నిచ్చు వైద్యుడు శ్వాసను, గుండెను రెంటిని యంత్రములతో గనిపెట్టుచున్నాడు.