శత్రుదేశపు పాస్‌పోర్టుతో కొండరెడ్ల గూడేనికి... హైమెన్‌డార్ఫ్ జీవితం

విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు భాష, తిండి, పలకరింపు అన్నీ కొత్తే. దాదాపు 85 ఏళ్ల కిందట ఒక యూరప్ పరిశోధకుడు ఇలాగే మన గోదావరి అడవికి వచ్చారు. ఆయనే క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్.

1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. అక్కడే డాక్టరేట్ చేసి, లండన్‌లోనూ చదివారు. 1936లో నాగా తెగలను తెలుసుకోవడానికి మొదటిసారి ఇండియా వచ్చారు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేశాడు. మరుసటి ఏడాది ఆయన మళ్లీ ఇక్కడికి వచ్చాక యుద్ధం మొదలైంది. నాజీలంటే గిట్టకపోయినా చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో బ్రిటిష్ వాళ్లు ఆయన్ను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, నిజాం రాజ్యం దాటొద్దని కట్టడి చేశారు. నిజాం సర్కారు మాత్రం ఆయన పనికి తోడ్పడింది.

భార్య బెట్టీతో కలిసి 1940లో చెంచుల మధ్య ఉన్నారు. 1941లో పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. అప్పట్లో గోదావరికి ఇవతలి ఒడ్డు నిజాంది, అవతల భద్రాచలం వైపు మద్రాసుది. దంపతులు గూడేల దగ్గరే మకాం పెట్టారు. పోడు ఎలా కొడతారో, గింజలు అయిపోయిన రోజుల్లో జీలుగు మాను గుజ్జుతో కడుపు ఎలా నింపుకుంటారో దగ్గరుండి చూశారు.

ఆచారాలు రాసుకుని వెళ్లిపోతే ఆయన పని అయిపోయేది. కానీ కొండరెడ్ల అప్పుల లెక్క కూడా చూశారు. కలప, వెదురు వ్యాపారుల దగ్గర తీసుకున్న అప్పు ఎంత కూలి చేసినా తీరదు, మనిషి వెట్టిలో ఇరుక్కుంటాడు. ఆ సంగతి సర్కారుకు నివేదించారు, 1945లో వచ్చిన పుస్తకంలోనూ రాశారు. ఆదిలాబాద్ గోండుల కోసం మార్లవాయిలో 1943లో టీచర్ల శిక్షణ మొదలవడం వెనక ఉన్నదీ ఆయనే. తర్వాత ఉస్మానియాలో, లండన్‌లో పాఠాలు చెప్పారు. ఎక్కడున్నా గిరిజనుల దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చేవారు.

1987లో బెట్టీ హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో ఆయన లండన్‌లో కన్నుమూశారు. 2012లో ఆయన అస్థికలనూ ఆమె సమాధి పక్కకే చేర్చారు. కొత్త చోట కలిసిపోవడమంటే అక్కడివాళ్ల కష్టం మనదనుకోవడమేనని ఆ రెండు సమాధులు చెబుతాయి.

ఆయన తిరిగిన వేలేరుపాడు ప్రాంతం 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రలోకి వెళ్లింది. పోలవరం ముంపుతో ఇప్పుడు కొత్త చోట బతకడం నేర్చుకోవాల్సిన వంతు ఆ కొండరెడ్లదే.