యంత్రములకు ప్రాణము పోసిన చిత్రకారిణి

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహదూరునగరు అను పేటలు కలవు. రెండవదానిని జనులు క్లుప్తముగా ఎల్.బి. నగరు అందురు. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేట నుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు నడచుట ప్రారంభమయ్యెను. అంతకు పూర్వము కొన్ని యేండ్లపాటు ఆ రాజమార్గము నడుమ గోతులు త్రవ్వుచు, స్తంభములు నిలుపుచు, వానిపై బరువైన కాంక్రీటు ఖండములను ఎత్తి కూర్చుచు నానావిధములైన యంత్రములు పనిచేసెను. పెద్దలు దుమ్మునకును, దారి సాగకుండుటకును విసుగుకొనుచుండగా, బడిసంచులు మోయు పిల్లలు మాత్రము క్రేను కొమ్మును చూచుచు నిలిచిపోవుచుండిరి. మన్ను త్రవ్వు బండి యేదైనను వారికి జేసీబీయే. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను ఆంగ్లేయుడు 1945లో స్థాపించిన సంస్థ పేరు అది. బండి మరికొంత పెద్దదైనచో దానిని ప్రొక్లెయిను అందురు. అదియు ఒక ఫ్రెంచి కంపెనీ పేరు జనుల నోట నలిగి ఏర్పడినదే. ఇంటికి చేరిన పిమ్మట, వాకిట పోసియున్న ఇసుక కుప్పపై అగ్గిపెట్టె లారీ యగును. చెంచా జేసీబీ యగును. నోటితో చేయు చప్పుడే ఇంజను మ్రోత యగును.

బాలుర ఈ ఊహాక్రీడను అల్పమైనదానినిగా ఎంచక, దానినే తన కళకు ఆధారముగా చేసికొనిన చిత్రకారిణి యొకతె అమెరికా దేశమున ఉండెను. ఆమె పేరు వర్జీనియా లీ బర్టన్.

వర్జీనియా 1909వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమునందలి న్యూటన్ సెంటర్ అను ఊర జన్మించెను. తండ్రి ఆల్‌ఫ్రెడ్ బర్టన్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడు; ఆ విద్యాలయమునకు తొలి డీను. తల్లి లీనా కవయిత్రి, గాయని, చిత్రకారిణి. తండ్రి నుండి కొలతయు క్రమమును, తల్లి నుండి రంగును లయయు ఆమెకు అబ్బినవని చెప్పవచ్చును. వర్జీనియా చిన్నతనముననే కుటుంబము కాలిఫోర్నియాకు తరలిపోయి, కార్మెల్ అను సముద్రతీరపు గ్రామమున నివసించెను. అచ్చట ఆమెకు చిత్రలేఖనముతోపాటు నృత్యమునందును మిక్కిలి ఆసక్తి కలిగెను. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి కళాశాలలో చిత్రకళ నభ్యసించుటకు ఆమెకు విద్యార్థివేతనము లభించెను.

కళాశాల యొక దరిని, ఆమె బస అఖాతమునకు ఆవలి దరిని. రైలు, పడవ, కేబులు కారు ఎక్కి ప్రతిదినము పోయిరావలసి యుండెను. ఆ ప్రయాణకాలమును ఆమె వృథాగా పోనీయలేదు. ఎదుట కూర్చున్నవారిని కాగితముపై గీయసాగెను. ప్రయాణికులు చిత్రకారుని కొరకు కదలక కూర్చుండరు గదా! ఒకడు తల త్రిప్పును, మరియొకడు దిగిపోవును. చూచినదానిని క్షణములో పట్టుకొని, చూడని భాగమును జ్ఞాపకమునుండి పూరించు నేర్పు ఆమెకు ఆ బండ్లలోనే అలవడెను. కళాశాల నేర్పినది ఎంతయో గాని, ఈ అభ్యాసము ఆమెకు జీవితాంతము తోడ్పడెను.

ఆమె సోదరి న్యూయార్కులో నర్తకి. వర్జీనియాయు ఆమెతో కలిసి నృత్యమునే వృత్తిగా స్వీకరింప నిశ్చయించుకొనెను. సరిగా ఆ సమయముననే తండ్రి కాలు విరిగెను. వృద్ధుడైన తండ్రిని విడిచిపోలేక, అతనికి పరిచర్య చేయుచు ఆమె బోస్టనులో నిలిచిపోయెను. నాట్యరంగము ఆమెకు దక్కలేదు. జీవనోపాధికై ఒక బోస్టను పత్రికలో చేరి, నాటకములను, నృత్యములను చూచి నటుల రేఖాచిత్రములు గీయుచు కొంతకాలము గడపెను. తాను ఆడవలసిన ఆటను ఇతరులు ఆడుచుండగా చీకటిలో కూర్చుండి వారి బొమ్మలు వేయుట ఆమెకు ఎట్లుండెనో ఊహింపవలసినదే. ఐనను ఆ నాట్యలయ ఆమె చేతిని విడువలేదు. తరువాతి కాలమున ఆమె గీసిన త్రోవలు, కొండలు, పొగలు, మంచు అన్నియు వంకలు తిరుగుచు ఆడుచున్నట్లే యుండును.

1930లో ఆమె జార్జి డెమెట్రియస్ అను శిల్పి నడపుచున్న చిత్రలేఖన తరగతిలో చేరెను. అతడు గ్రీకుదేశమున పుట్టినవాడు. మరుసటి సంవత్సరము వారికి వివాహమయ్యెను. కొలదికాలమునకే దంపతులు గ్లాస్టర్ పట్టణమునకు సమీపమున, సముద్రపుటొడ్డున ఫాలీ కోవ్ అను చోట ఒక పాత ఇంటిని సంపాదించిరి. ఆ ఇల్లు రోడ్డునకు మరీ దగ్గరగా నుండుటచే, దానిని పునాది నుండి పెకలించి వెనుకనున్న తోటలోనికి జరిపించిరి. ఇంటిని కూల్చి వేరొకటి కట్టుట ఎరిగినవారికి ఇంటినే కదలించుట వింతగా తోచును. కొయ్యతో కట్టిన ఇండ్లు గల ఆ దేశమున అది సాధ్యము. ఈ సంఘటన పిమ్మట ఒక గొప్ప పుస్తకమునకు బీజమయ్యెను. వారికి అరిస్, మైక్ అను ఇరువురు కుమారులు కలిగిరి.

బాలుర కొరకు ఆమె వ్రాసిన తొలి పుస్తకమునకు ఒక ధూళికణము నాయకుడు. అది తనకును, తన మిత్రులకును ఎంతయో ముచ్చటగా తోచెను. వరుసగా పదముగ్గురు ప్రకాశకులకు దానిని పంపెను. పదముగ్గురును త్రిప్పి పంపిరి. తుదకు ఆమె ఆ వ్రాతప్రతిని చేతబట్టుకొని, పసివాడైన అరిస్‌కు చదివి వినిపించెను. కథ ముగియకముందే బాలుడు నిద్రపోయెను. ప్రకాశకుల తీర్పును శంకింపవచ్చును గాని నిద్రించిన బాలుని తీర్పును శంకింప వీలులేదు. పిల్లల కొరకు వ్రాయువారు తమకు ముచ్చటైనదానిని గాక, పిల్లలకు ముచ్చటైనదానిని వెదకవలెనని ఆమె గ్రహించెను. ఆనాటి నుండి ఆమె ప్రతి కథను మొదట తన కుమారులకును, వారి చెలికాండ్రకును చెప్పి చూచెడిది. వారి కన్నులు మెరసిన తావును ఉంచి, వారు అటునిటు కదలిన తావును కొట్టివేసెడిది.

తన పిల్లలు దేనిని విడువక చూచుచున్నారో ఆమె గమనించెను. అవి రైలింజను, మన్ను త్రవ్వు యంత్రము, మంచు త్రోయు బండి. పెద్దవాని కొరకు 1937లో ఛూ ఛూ అను పుస్తకము వెలువడెను. బరువు లాగి లాగి విసిగిన ఒక చిన్న ఇంజను పెట్టెలను విడిచి ఒంటరిగా పారిపోవుట అందలి కథ.

చిన్నవాని కొరకు ఆమె పూనుకొనినది ఆవిరి త్రవ్వుయంత్రము కథ. అట్టి యంత్రమునకు అమెరికాలో 1839లోనే విలియం ఓటిస్ అను యువకుడు పేటెంటు పొందెను. పనామా కాలువను త్రవ్వినవి ప్రధానముగా ఆవిరి యంత్రములే. కాని 1930 ప్రాంతమునకు పెట్రోలు, డీజిలు, విద్యుత్తులతో నడచునవి వచ్చి, బొగ్గు మండించు పాత యంత్రములను గుజిరీకి పంపుచుండెను. గ్లాస్టరులో ఉన్నత పాఠశాలకు పునాది త్రవ్వుచున్న ఒక ఆవిరి యంత్రమును బర్టన్ చూచి బొమ్మలు గీసికొనెను. కథలో దానికి మేరీ యాన్ అని పేరిడి, త్రవ్వు తొట్టికి కన్నులును నోరును అమర్చెను. ఐనను గొలుసు, చక్రము, బాయిలరు వేనికవి ఉండవలసిన చోటనే ఉండునట్లు జాగ్రత్తపడెను. పిల్లలు యంత్రము నవ్వుటకు ఒప్పుకొందురు గాని, దాని చక్రము తప్పుగా నున్నచో ఒప్పుకొనరు.

ఆ కథలో మైక్ మల్లిగన్ అను పనివాడు, ఎవరికిని అక్కరలేని తన యంత్రమును వదులుకొనలేక, ఒక చిన్న ఊరికి పోయి, పురభవనమునకు క్రింది గదిని ఒక్క దినములో త్రవ్వెదననియు, లేనిచో కూలి వలదనియు ఒప్పుకొనును. ప్రొద్దుక్రుంకులోపల పని ముగియును. కాని తొందరలో వారు పైకి వచ్చుటకు దారి విడుచుట మరచిపోయిరి. బర్టన్ కథను అంతవరకు తెచ్చి, తానును ఆ గోతిలోనే చిక్కుకొనెను. యంత్రమును పైకి తెచ్చు ఉపాయమేదియు ఆమెకు తృప్తి నీయలేదు. పైకి తెచ్చినను దానికి పని యెక్కడిది? ఆ దినములలో ఒక మిత్రుని ఇంట ఆమె ఈ చిక్కును చెప్పగా, పండ్రెండేండ్ల బాలుడొకడు యంత్రమును అచ్చటనే ఉంచి, భవనమును వెచ్చపరచు బాయిలరుగా వాడరాదా అని సూచించెను. కథకు అంతకన్న తగిన ముగింపు లేదు. పనికిరాదనుకొనిన ముసలి యంత్రమునకు ఇల్లును, పనియు రెండును దొరకెను. బర్టన్ ఆ బాలునకు తాను ఋణపడియున్నట్లు ఆ పుటక్రిందనే అచ్చువేయించెను. ఆ పుస్తకము 1939లో వెలువడెను. ఆవిరి త్రవ్వుయంత్రములు లోకమునుండి మాయమైన పిదపను, వానిని కన్నెత్తి చూడని బాలురు ఈ పుస్తకమునందు వానిని ఎరుగుచున్నారు.

1942లో వెలువడిన లిటిల్ హౌస్ అను పుస్తకమున ఇదే యంత్రము వేరొక వేషమున వచ్చును. పూలు పూయు కొండమీద ఒక చిన్న ఇల్లు సుఖముగా నుండును. ఒకనాడు త్రవ్వుయంత్రము వచ్చి కొండను చీల్చును. లారీలు రాళ్లు పోయును. రోలరు చదును చేయును. రోడ్డు వెంట నగరము వచ్చును. ట్రాములు, మీది రైలు, భూమిలోపలి రైలు వచ్చును. ఇంటికి నక్షత్రములు కనబడవు. పిల్లలకు ప్రియమైన యంత్రమే ప్రియమైన ఇంటిని ముంచివేయుటను దాచక చూపుట ఈ పుస్తకము విశేషము. మెట్రో స్తంభముల నీడలో పడిన పాత మిద్దెలను చూచినవారికి ఈ బొమ్మలు పరాయివిగా తోచవు. ఈ గ్రంథమునకు 1943లో కాల్డెకాట్ పతకము లభించెను. ఆ సంవత్సరముననే కేటీ అను ఎర్రని ట్రాక్టరు కథ వచ్చెను. వేసవిలో మన్ను త్రోయు బుల్డోజరుగాను, శీతకాలమున మంచు త్రోయు బండిగాను పనిచేయు ఆ యంత్రము, హిమపాతమున స్తంభించిన పట్టణమున ఆసుపత్రికిని, అగ్నిమాపక శాలకును, తపాలా కచేరికిని త్రోవ చేయును. ఆ పుస్తకములో పట్టణపు పటము కూడ నుండుటచే బాలురు వ్రేలితో దారులు గీయుచు ఆడుకొందురు.

బాలుని అభిరుచియే ప్రమాణమను తలంపు ఆ దశాబ్దమున తెలుగునాటను మొలకెత్తెను. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు నుండి బాల అను పత్రికను 1945లో ప్రారంభించిరి. ఒకరినొకరు ఎరుగకయే దూరదేశములవారు ఒకే పనికి పూనుకొనుట అరుదు కాదు.

బర్టన్ ఇరుగుపొరుగు స్త్రీలకు రూపకల్పన నేర్పుచుండెను. వారు ఫాలీ కోవ్ రూపకర్తలు అను సంఘముగా ఏర్పడి, లినోలియము దిమ్మెలపై తమ చుట్టునున్న చెట్లను, గొర్రెలను, పక్షులను చెక్కి వస్త్రములపై అచ్చొత్తిరి. తొలినాళ్లలో దిమ్మెపై నిలిచి కాళ్లతో ఎగిరి ముద్రవేసెడివారు. కన్నులార చూడనిదానిని గీయరాదని బర్టన్ వారికి నియమము పెట్టెను.

ఆమె తుది గ్రంథము లైఫ్ స్టోరీ. సూర్యుని పుట్టుక మొదలు భూమిపై జీవుల చరిత్రమును నాటకమువలె అంకములుగా విభజించి చూపిన ఆ పుస్తకమునకు ఎనిమిదేండ్లు పట్టెను. అది 1962లో వెలువడెను. కోట్ల యేండ్ల కథ తుదిపుటలలో ఫాలీ కోవ్‌లోని ఆమె ఇంటివద్దకే వచ్చి నిలుచును.

1968వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన, ఏబదితొమ్మిదవ యేట, ఊపిరితిత్తుల వ్యాధితో వర్జీనియా లీ బర్టన్ మరణించెను. మరుసటి యేడు రూపకర్తల సంఘము తన పని చాలించెను. వారి నమూనా వస్త్రములు కేప్ ఆన్‌లోని చారిత్రక సంఘమునకు చేరెను.