మిగిలిన రోజుల విలువ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విశాఖలోని అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలను మనం చూస్తూనే ఉన్నాం. ఇక నయం కాదని డాక్టరు చెప్పాక, మిగిలిన కొద్దికాలానికి ఇంత ఆరాటమెందుకని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మనం ఒక తెలుగువాడిని తలుచుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నను, తమ్ముణ్ణి కొద్దిరోజుల తేడాతో పొట్టనబెట్టుకుంది. అదే జబ్బు సోకినా ఆయన బతికి, డాక్టరై, అమెరికా వెళ్లారు. భార్య ఇక్కడే ఎదురుచూశారు. ఆయన తిరిగి రాలేదు.

లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు మందైంది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి మేలు కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మేలు తాత్కాలికమే. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

కానీ మంచం పట్టిన బిడ్డ కొన్నాళ్లు లేచి తిరిగితే, తల్లికి అవి తక్కువ రోజులా? చికిత్స సంగతి డాక్టరుతో, రోగితో మాట్లాడి తేల్చుకుందాం. మిగిలిన రోజుల్లో నొప్పి తగ్గిద్దాం, పక్కన కూర్చుందాం, చేయి పట్టుకుని ప్రార్థిద్దాం.