బడి బయట పిల్లల్ని లెక్కపెట్టిన ఫూలే

ఏటా ఏప్రిల్ 11న మన ఊళ్లలో జ్యోతిరావు ఫూలే విగ్రహానికి దండ పడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ గురుకులాల గేట్ల మీద ఆయన పేరు ఉంది. ఆడపిల్లలకు బడి పెట్టాడనీ, సావిత్రిబాయిని టీచరుగా నిలబెట్టాడనీ మన పిల్లలందరికీ తెలుసు. కానీ అదే ఫూలే ఒక ప్రభుత్వ విద్యా విధానాన్ని పద్దుల వారీగా విప్పి నిలదీశాడు. డబ్బు ఎవరి దగ్గర వసూలవుతోంది, ఎవరి మీద ఖర్చవుతోంది, పరీక్ష ఎవరికి మేలు చేస్తోంది, టీచరుగా ఎవరు వస్తున్నారు, తనిఖీ ఎలా సాగుతోంది అని అడిగాడు. ఈ సంగతి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. పాస్ శాతాలు చూపించి బడుల్నీ టీచర్లనూ తూకం వేసే రోజులు గనక, ఆ ఫూలేని మరోసారి తలుచుకోవడం అవసరమని మేం అనుకుంటున్నాం.

ఆయన 1827లో పూణేలో, పూల తోటల పని చేసుకునే మాలీ కుటుంబంలో పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి చిమణాబాయి చనిపోయింది. బంధువు సగుణాబాయి పెంచింది. తండ్రి గోవిందరావు బడిలో వేశాడు గానీ, కొన్నాళ్లకే మాన్పించి తోటపనిలో పెట్టాడు. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే ఫూలే డ్రాపౌట్. గఫార్ బేగ్ మున్షీ అనే ముస్లిం పండితుడు, లిజిట్ అనే క్రైస్తవ పెద్దమనిషి తండ్రికి నచ్చజెప్పబట్టి 1841లో స్కాటిష్ మిషన్ బడిలో మళ్లీ చేరగలిగాడు. తెలివి లేక ఆయన చదువు ఆగలేదు, తెలివి ఉండటం వల్ల మళ్లీ మొదలవలేదు. ఇద్దరు మనుషులు పూనుకున్నారు గనక మొదలైంది. పూనుకునేవాళ్లు లేని పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1848లో ఒక బ్రాహ్మణ మిత్రుడి పెళ్లి ఊరేగింపులో శూద్రుడివి మా పక్కన నడుస్తావా అని అవమానించారు. అదే ఏడు పూణేలో భిడే వాడాలో ఆడపిల్లల బడి తెరిచాడు. చదువు చెప్పడానికి మరెవరూ రాకపోతే భార్య సావిత్రిబాయే టీచరైంది. ఆమె దారిన పోతుంటే పేడ, మట్టి విసిరారు. మరుసటి ఏడు దంపతులిద్దరూ తండ్రి ఇల్లు వదలాల్సి వచ్చింది. ఫాతిమా షేక్ వాళ్లతో కలిసి పనిచేసింది. 1851లో ఇంకో రెండు బాలికల బడులు, 1852లో మహార్, మాంగ్ పిల్లల కోసం బడి వచ్చాయి. మన మాల, మాదిగల లాగే ఆ ప్రాంతంలో అంటరానివారిగా ఊరి బయట ఉంచిన కులాలు అవి.

ఆ బడుల్లో పరీక్ష ఎందుకు పెట్టారో గమనించాలి. అప్పట్లో అవి బహిరంగ పరీక్షలు. ఊరి పెద్దలు, అధికారులు, మామూలు జనం కూర్చుని చూస్తుండగా పిల్లలు చదివి, లెక్కలు చేసి చూపేవాళ్లు. 1853 ఫిబ్రవరిలో పూణే కాలేజీ ఆవరణలో ఫూలే బడుల ఆడపిల్లలకు జరిగిన పరీక్ష చూడటానికి పెద్ద ఎత్తున జనం వచ్చారు. ఆడదానికి చదువు రాదనే లోకం ముందు పెట్టిన పరీక్ష అది. పిల్లల కంటే ఎక్కువగా పూణే నగరమే ఆ రోజు పరీక్షకు కూర్చుంది.

ఆ బడిలో చదివిన ముక్త అనే పద్నాలుగేళ్ల మాంగ్ బాలిక 1855లో మహార్, మాంగ్‌ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. జ్ఞానోదయ పత్రిక దాన్ని అచ్చేసింది. వేదాలు బ్రాహ్మణుల సొత్తే అయితే మా మతం ఏదని ఆ పిల్ల దేవుణ్ణే నిలదీసింది. ఇన్ని మార్కులు అని వేయగలిగిన జవాబు కాదు అది. బడి ఏం చేయగలదో చెప్పడానికి ఆ ఒక్క వ్యాసం చాలు.

కొన్నేళ్లకు ఫూలే ఆ బడుల నిర్వహణ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. కాంట్రాక్టులు చేశాడు, వ్యవసాయం చేశాడు. 1868లో తన ఇంటి బావిని అంటరానివారికి తెరిచాడు. 1873లో గులాంగిరి రాశాడు, సత్యశోధక సమాజాన్ని స్థాపించాడు. 1876 నుంచి పూణే మునిసిపాలిటీ సభ్యుడు. అంటే 1882 నాటికి ఆయనకు బడి లోపలి సంగతీ తెలుసు, సర్కారు ఖజానా సంగతీ తెలుసు.

1882 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ దేశంలోని విద్యను పరిశీలించడానికి విలియం హంటర్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశాడు. ఆ కమిషన్‌కు ఫూలే ఇచ్చిన వాంగ్మూలం మీద 1882 అక్టోబర్ 19 తేదీ ఉంది. అందులో డబ్బు సంగతి ఎత్తాడు. ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగం రైతుకూలీల చెమట నుంచి వస్తుంటే, ఖర్చు మాత్రం పైకులాల ఉన్నత చదువుల మీద పెడుతున్నారన్నాడు. పైవాళ్లకు చదువు చెబితే అది మెల్లగా కిందికి ఇంకుతుందనే సిద్ధాంతం పనిచేయలేదని చెప్పాడు. చదువు పేరు చెప్పి వసూలు చేసే సెస్సు చదువుకే ఖర్చు కావడం లేదని, లోకల్ సెస్సులో సగం ప్రాథమిక విద్యకే ఇవ్వాలని అడిగాడు. బొంబాయి ప్రెసిడెన్సీ ఊళ్లలో పదింట తొమ్మిది వంతులకు, అంటే దాదాపు 10 లక్షల మంది పిల్లలకు, బడి వసతే లేదన్న లెక్కను కమిషన్ ముందు పెట్టాడు. కనీసం 12 ఏళ్ల వరకు ప్రాథమిక విద్యను నిర్బంధం చేయాలన్నాడు.

అప్పట్లో బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతుల్లో ఒకటి, ఫలితాలను బట్టి చెల్లింపు. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పరీక్ష పెడతాడు. ఎంతమంది ఏ తరగతి పాసయ్యారో లెక్కగట్టి బడికి అంత డబ్బు ఇస్తారు. ఇంగ్లాండులో 1862లో మొదలైన ఈ పద్ధతి ఇక్కడికీ వచ్చింది. కోస్తా తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. చూడటానికి న్యాయంగానే కనిపిస్తుంది: పని చేసిన బడికి కూలి. ఫూలే మాత్రం పేదలకు, ఇంకా చదువు రుచి తెలియని జనానికి ఇది బొత్తిగా పనికిరాదని చెప్పాడు. ఫలితాన్ని బట్టి డబ్బొస్తుందంటే ఏ టీచరూ అలాంటి జనం మధ్య సొంతంగా బడి పెట్టడని, పెడితే వాడికి పూట గడవదని ఆయన వాదన. ముందు సర్కారే బడి తెరవాలి, ప్రత్యేక ప్రోత్సాహకాలు ఇవ్వాలి. ఫలితాల లెక్క ఎప్పుడూ బడి లోపల కూర్చున్నవాళ్లతోనే మొదలవుతుంది. గడప తొక్కని పిల్ల ఆ లెక్కలో ఫెయిలైనట్టు కూడా కనిపించదు.

ఇంతమాత్రాన ఫూలే పరీక్షలకు, తనిఖీలకు వ్యతిరేకి కాడు. ఎక్కువమంది పిల్లల్ని పాస్ చేయించిన పల్లెటూరి టీచర్లకు జీతంతో పాటు అదనంగా కొంత ఇవ్వాలని ఆయనే సూచించాడు. తేడా ఎక్కడంటే, ఆయన ముందు జీతం సంగతి తేల్చాడు. అప్పట్లో ప్రాథమిక టీచరుకు పది రూపాయలు దాటడమే అరుదు. సర్టిఫికెట్ పరీక్ష పాసై పల్లె బడి నడిపేవాళ్లకు 12 రూపాయలకు తగ్గకూడదని, ఊరిని బట్టి 15, 20 దాకా పెంచాలని అన్నాడు. కడుపు నిండే జీతం మీద ఇచ్చే బహుమతి వేరు. బడి బతుకే పాస్ శాతానికి వేలాడటం వేరు.

టీచరు ఎవరన్నది ఆయనకు ఇంకా పెద్ద ప్రశ్న. అప్పటి టీచర్లలో దాదాపు అందరూ బ్రాహ్మణులే, అందులో శిక్షణ పొందినవాళ్లు కొద్దిమందే. అంటు పాటిస్తూ పిల్లలకు దూరంగా ఉండే మనిషి కంటే సేద్యం చేసే కులాల నుంచి వచ్చి, జనంలో కలిసిపోయి, అవసరమైతే నాగలి మేడి, బాడిసె పట్టుకోగలిగిన టీచరు కావాలన్నాడు. చదవడం, రాయడం, లెక్కలతో పాటు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన పాఠాలు ఉండాలన్నాడు. టీచరు సమర్థతను కొలిచే గీటురాళ్లలో పిల్లల్ని తాకగలగడం, వాళ్ల అవసరం అర్థం చేసుకోగలగడం కూడా ఉండాలని దీని సారం.

తనిఖీ చేసేవాళ్లనూ ఆయన వదల్లేదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చిపోతే ఒరిగేదేమీ లేదని, మూడు నెలలకోసారైనా, అదీ చెప్పాపెట్టకుండా రావాలని సూచించాడు. గ్రామాధికారుల తనిఖీ పైపైన సాగుతుందని చెప్పి, అప్పుడప్పుడు యూరోపియన్ ఇన్‌స్పెక్టర్లు రావాలని కోరాడు. తెల్లదొర మీద ఆయన పెట్టుకున్న ఈ నమ్మకాన్ని మనం ప్రశ్నించవచ్చు. ఊరి అధికారం మొత్తం ఒకే కులం చేతిలో ఉన్నప్పుడు బయటి కన్ను కోసం వెతుక్కున్న మనిషి అవస్థను కూడా చూడాలి.

స్కాలర్‌షిప్పుల గురించి ఆయన అన్నది ఇవాళ్టి మెరిట్ చర్చకు నేరుగా తగులుతుంది. పోటీ పెట్టి ఇవ్వడం సూత్రంగా న్యాయమే కావచ్చు గానీ, దానివల్ల మిగతా కులాల్లోకి చదువు చేరదని చెప్పాడు. చదువు అడుగే పెట్టని వర్గాలకు ఆ డబ్బు వెళ్లాలన్నాడు.

మనల్ని ఇబ్బంది పెట్టే మాట కూడా ఆ వాంగ్మూలంలో ఉంది. మహార్, మాంగ్ పిల్లల్ని పైకులాల పిల్లల పక్కన కూర్చోనివ్వడం లేదు గనక, వాళ్ల సంఖ్య తగినంతగా ఉన్నచోట విడిగా బడులు పెట్టాలన్నాడు. పూణేలో 5 వేలకు పైగా ఉన్న ఆ జనానికి ఒకే ఒక్క బడి, అందులో 30 మంది కూడా లేరు. ఒకే బెంచీ మీద కూర్చునే హక్కు కోసం ఆయన ఎందుకు పట్టుబట్టలేదు? తన బావిని తెరిచిన మనిషికి ఆ విలువ తెలియదని అనలేం. రేపటి బెంచీ కోసం ఎదురుచూస్తే ఇవాళ్టి పిల్ల వయసు దాటిపోతుందని ఆయన లెక్క అయి ఉండాలి. మన ఎస్సీ హాస్టళ్లు, గురుకులాల వెనకా అదే బాధ, అదే అసంపూర్తి ప్రశ్న ఉన్నాయి.

1883లో వచ్చిన కమిషన్ నివేదిక ప్రాథమిక విద్యను స్థానిక బోర్డులకు, మునిసిపాలిటీలకు అప్పగించమంది. నిర్బంధ విద్య మాట ఎత్తలేదు. ఫూలే 1888లో పక్షవాతంతో మంచం పట్టాడు. కుడిచేయి పడిపోతే ఎడమచేత్తో చివరి పుస్తకం రాశాడు. 1890 నవంబర్ 28న కన్నుమూశాడు. కొల్హాపూర్‌లో సాహు మహారాజు 1917లో నిర్బంధ ప్రాథమిక విద్య తెచ్చాడు. దేశం మొత్తానికి ఆ హక్కు చట్టమయ్యేసరికి 2009 వచ్చింది. ఫూలే అడిగిన 127 ఏళ్లకు.

ఆ చట్టంలో ఎనిమిదో తరగతి వరకు ఎవర్నీ ఫెయిల్ చేయకూడదన్న నిబంధనను 2019లో సవరించి, 5, 8 తరగతుల్లో పిల్లల్ని ఆపేసే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపారు. 2025లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. పిల్లలు తక్కువున్నారనో, ఫలితాలు రాలేదనో వాడలోని బడికి తాళం వేసే ఆలోచన మాత్రం పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

అందుకే ఈసారి మీ జిల్లా పదో తరగతి ఫలితాల పట్టిక చేతికొచ్చినప్పుడు, విద్యార్థి మిత్రులారా, పాస్ శాతం దగ్గర ఆగకండి. పదేళ్ల కిందట మీ మండలంలో ఒకటో తరగతిలో చేరినవాళ్లు ఎంతమందో తీయండి. వాళ్లలో పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్లు ఎంతమందో చూడండి. మధ్యలో పోయిన పిల్లలు ఏ వాడల వాళ్లో ఇంటింటికీ వెళ్లి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని విద్యాధికారి ముందు కూర్చుంటే, 1882లో ఫూలే మొదలుపెట్టిన పనిని మనం కొనసాగించినట్టే.