కాగితమును ధనముగా మార్చిన జాన్ లా

చేతిలోని నోటును అంగడివానికిచ్చి బియ్యమో నూనెయో కొనునపుడు, ఆ కాగితపు ముక్కకు అంత విలువ ఎచటినుండి వచ్చినదని ఎవ్వరును విచారింపరు. పుచ్చుకొనువానికిని అనుమానముండదు. రేపు దానిని మరియొకడు తననుండి పుచ్చుకొనునను నమ్మకమే వానికి చాలును. ఈ నమ్మకము మానవజాతికి తేలికగా అలవడినది కాదు. వెండి బంగారములే ధనమని యూరపు ఖండమున రాజులును ప్రజలును తలంచుచుండిన కాలమున, ఒక గొప్ప రాజ్యమునంతటిని కాగితముపై నడిపింప సాహసించినవాడొకడు కలడు. అతడు నాలుగేండ్లలో శిఖరమునకెక్కి, ఒక్క వేసవిలో నేలకొరిగెను. అతడే స్కాట్లండు దేశీయుడగు జాన్ లా.

జాన్ లా 1671వ సంవత్సరమున ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి విలియం లా బంగారుపని చేయు షరాబు. ఆ రోజులలో షరాబులు నగలు చేయుటతో ఆగక, ధనికుల సొమ్మును భద్రపరచుట, వడ్డీకి అప్పులిచ్చుట కూడ చేయుచుండిరి. నేటి బ్యాంకులకు వారి దుకాణములే తొలి రూపములు. విలియం లా 1683లో లారిస్టన్ అను ఎస్టేటును కొనెను. కాని దాని ననుభవింపకయే కొలదికాలమునకు మరణించెను. కుమారునకు గణితమున అసామాన్యమైన ప్రజ్ఞయుండెను. యౌవనమున లండను చేరి, ఆ ప్రజ్ఞను జూదమునకు వినియోగించి, చేతిలోని సొమ్మంతయు పోగొట్టుకొనెను. తల్లి తన ధనముతో ఎస్టేటు హక్కును కొని దానిని కుటుంబము చేయిదాటిపోకుండ కాపాడెను.

1694 ఏప్రిల్ 9వ తేదీన లండనులోని బ్లూమ్స్‌బరీ మైదానమున జరిగిన ద్వంద్వయుద్ధములో లా, ఎడ్వర్డ్ విల్సన్ అను యువకుని కత్తితో పొడిచి చంపెను. న్యాయస్థానము మరణదండన విధించెను. అది జరిమానాగా మార్చబడినను, హతుని సోదరుడు మరల వ్యాజ్యము వేయుటచే లా చెరసాలలోనే ఉండవలసివచ్చెను. 1695 ఆరంభమున అతడు చెరనుండి తప్పించుకొని సముద్రము దాటిపోయెను. విచిత్రమేమనగా, అతడు చెరలోనున్న 1694లోనే ఇంగ్లండు బ్యాంకు స్థాపితమయ్యెను. యుద్ధవ్యయమునకై మూడవ విలియం రాజునకు 12 లక్షల పౌనులను నూటికి 8 వడ్డీకి అప్పిచ్చి, అందుకు ప్రతిగా ఆ బ్యాంకు తన అధికారపత్రమును పొందెను.

ప్రవాసజీవితము లాకు పాఠశాలయయ్యెను. 1609లో స్థాపితమైన ఆమ్‌స్టర్‌డాం బ్యాంకు పద్ధతులను అతడు శ్రద్ధగా పరిశీలించెను. అచటి వర్తకులు నాణెములను బ్యాంకులోనుంచి, ఒకరి ఖాతానుండి వేరొకరి ఖాతాకు వ్రాతమూలముననే చెల్లింపులు జరుపుకొనుచుండిరి. స్వీడనులో 1661లోనే ఒక బ్యాంకు కాగితపు నోట్లను చలామణిలో పెట్టి, మితిమీరి వ్రాసియిచ్చుటచే కొలదియేండ్లకే కూలిపోయెను. దాని శిథిలములమీద 1668లో స్వీడిష్ పార్లమెంటు స్థాపించిన బ్యాంకే నేటికిని జీవించియున్న కేంద్రబ్యాంకులలో ప్రాచీనతమమైనది. లా జూదమును మానలేదు. కాని ఇప్పుడతడు అదృష్టమును నమ్మక, గెలుపోటముల సంభావ్యతను లెక్కగట్టి ఆడి, గొప్ప ధనము కూడబెట్టెను.

1705లో అతడు స్వదేశమునకు తిరిగివచ్చి, ద్రవ్యమును వర్తకమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అప్పటికి స్కాట్లండు పేదరికమున మునిగియుండెను. దేశమున భూమి కలదు, పనిచేయు చేతులు కలవు. కాని వానిని పనిలో పెట్టుటకు వలసినంత ద్రవ్యము లేదని లా వాదము. భూమిని పూచీగా ఉంచుకొని నోట్లను చలామణిచేయు బ్యాంకును స్థాపింపుమని అతడు స్కాటిష్ పార్లమెంటును కోరెను. పార్లమెంటు అంగీకరింపలేదు. 1707లో ఉభయరాజ్యములు ఏకము కానుండగా, పాత శిక్ష తన్ను వెన్నాడునను భయముతో అతడు మరల విదేశములకు తరలిపోయెను.

1715 సెప్టెంబరు 1వ తేదీన ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ కన్నుమూసెను. దీర్ఘయుద్ధములతో ఆయన రాజ్యముపై మోపిన ఋణము 200 కోట్ల లివ్రులను మించియుండెను. వారసుడైన పదునైదవ లూయీ అయిదేండ్ల పసివాడు. రాజప్రతినిధిగా ఆర్లియన్స్ ప్రభువు ఫిలిప్ పాలనాభారమును వహించెను. ఫ్రాన్సులో లివ్రు అనునది లెక్కలకొరకు ఏర్పడిన ప్రమాణమే. ఒక బంగారు నాణెము ఎన్ని లివ్రులకు సమానమో రాజశాసనము నిర్ణయించును. ధనావశ్యకత కలిగినపుడెల్ల రాజులు ఆ లెక్కను మార్చుచుండుటచే, నేడు అప్పిచ్చినవానికి రేపు ఎంత బంగారము తిరిగివచ్చునో తెలియకుండెను. ప్రజలు నాణెములను దాచుకొనిరి, వర్తకము స్తంభించెను.

ఇట్టి తరుణమున లా మాటలకు ఫిలిప్ చెవియొగ్గెను. 1716 మే నెలలో లాకు బ్యాంకు స్థాపించుటకు అనుమతి లభించెను. 5,000 లివ్రుల వాటాలు 1,200 చొప్పున దాని మూలధనము 60 లక్షల లివ్రులు. ఈ బ్యాంకు నోట్లలో ఒక విశేషముండెను. నోటు వ్రాసిన దినమున నాణెమునకు ఏ తూకము, ఏ మేలిమి ఉండెనో, అంతటి నాణెమునే ఎప్పుడడిగినను చెల్లింతుమని వానిపై వాగ్దానముండెను. రాజు నాణెముల లెక్కను మార్చినను నోటు కలవానికి నష్టము లేదు. కనుక జనులు లోహముకంటె కాగితమునే మిన్నగా చూడసాగిరి. 1717 ఏప్రిల్‌లో పన్నులను ఆ నోట్లతో చెల్లింపవచ్చునని ప్రభుత్వము శాసించెను. వడ్డీరేటు తగ్గెను, వర్తకము తలయెత్తెను.

లా అచటితో ఆగినయెడల ఆర్థికచరిత్రలో మచ్చలేని పేరు పొందియుండెడివాడు. కాని రాజ్యఋణమునంతటిని తుడిచివేయవలెనను ఆశ అతని నావేశించియుండెను. 1717లో అతడు ఉత్తర అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతపు వర్తకహక్కులతో పాశ్చాత్య కంపెనీని నెలకొల్పెను. ప్రభుత్వ ఋణపత్రములను తెచ్చినవారికి 500 లివ్రుల ముఖవిలువ గల వాటాలు లభించును. మరుసటి యేట ఆ నదీతీరమున వెలసిన నగరమునకు రాజప్రతినిధి గౌరవార్థము న్యూ ఆర్లియన్స్ అని పేరిడిరి. 1718 డిసెంబరులో బ్యాంకు రాజుగారి బ్యాంకుగా మారెను. ఆ మార్పుతో రెండు కట్టుబాట్లు తొలగిపోయెను. నోటుపై తూకపు వాగ్దానము పోయి, ఉత్త లివ్రుల లెక్క మిగిలెను. ఎన్ని నోట్లు ముద్రింపవలెనో నిర్ణయించు అధికారము రాజాజ్ఞకు చెందెను.

1719లో కంపెనీ ప్రాగ్దేశ వర్తకసంఘములను తనలో కలుపుకొని ఇండియాల కంపెనీ యయ్యెను. తరువాత టంకశాల హక్కును, పన్నులు వసూలుచేయు గుత్తను చేజిక్కించుకొనెను. తుదకు రాజ్యఋణమును తీర్చుటకై నూటికి 3 వడ్డీకి 160 కోట్ల లివ్రులు అప్పీయ నంగీకరించెను. వాటా ధర 500 నుండి ఆ యేటి చివరకు 10,000 లివ్రులకు చేరువయ్యెను. పారిస్‌లోని కాంకంప్వా అను ఇరుకు వీధిలో ప్రభువులును, పరిచారకులును, పురోహితులును, పరదేశులును ఒకరినొకరు తోసికొనుచు వాటాలు కొనిరి. బల్ల దొరకని ఆ సమ్మర్దములో ఒక గూనివాడు పత్రములు వ్రాసుకొనుటకు తన వీపును అద్దెకిచ్చి ధనము గడించెనని చెప్పుకొందురు. లక్షాధికారులను మించినవారికి మిలియనీరు అను పేరు ఆ రోజులలోనే వ్యాప్తికి వచ్చెను.

ఈ సంపద ఎచటినుండి వచ్చెను? వాటాలను తాకట్టుపెట్టుకొని బ్యాంకు నోట్లిచ్చెను. ఆ నోట్లతో జనులు మరల వాటాలు కొనిరి. ధర పెరిగినకొలది మరిన్ని నోట్లు వెలువడెను. మిసిసిపీ తీరమున బంగారు గనులు లేవు. బురదనేలలును, జ్వరములును, ఆకలియును మాత్రముండెను. స్వచ్ఛందముగా వెళ్లువారు చాలనందున దేశదిమ్మరులను, ఖైదీలను పట్టి ఓడలకెక్కించిరి.

1720 జనవరిలో లా రాజ్యమునకు ఆర్థికమంత్రి యయ్యెను. ఆ పదవికొరకు అంతకుముందే కథోలిక మతమును స్వీకరించియుండెను. నోట్లు ముద్రించుటయు, కంపెనీ నడపుటయు, పన్నులు పుచ్చుకొనుటయు, రాజు ఋణము మోయుటయు ఒక్కని చేతిలోనికే వచ్చెను. అదే సమయమున తెలివిగలవారు వాటాలను, నోట్లను నాణెములుగా మార్చుకొన నారంభించిరి. కాంటీ రాకుమారుడు బండ్లు పంపి బ్యాంకునుండి నాణెములు తోలించుకొనిపోయెను. ఫిబ్రవరిలో ఎవ్వరును 500 లివ్రులకు మించిన నాణెములను ఇంట నుంచుకొనరాదని శాసనము వెలువడెను. నమ్మకముతో సాధించినదానిని ఇక నిర్బంధముతో నిలుపవలసివచ్చెను.

మార్చిలో లా చేసిన పని మరింత ప్రమాదకరమైనది. వాటా తెచ్చినవారికెల్ల బ్యాంకు 9,000 లివ్రుల నోట్లిచ్చునని అతడు ప్రకటించెను. వాటాలు వరదవలె వచ్చిపడెను. నోట్లు వరదవలె వెలుపలికి పోయెను. చలామణిలోని నోట్ల మొత్తము 260 కోట్లకు పెరిగెను. పారిస్‌లో సరకుల ధరలు ఏడాది తిరుగకుండగనే దాదాపు రెట్టింపయ్యెను.

మే 21వ తేదీన మరియొక శాసనము వచ్చెను. నోట్ల విలువ క్రమముగా సగమునకును, వాటా విలువ 5,000 లివ్రులకును తగ్గింపబడునని దాని సారాంశము. లెక్క ప్రకారము అది కొంతవరకు సత్యమును అంగీకరించుటయే. కాని విలువ తగ్గదని చెప్పిన నోటికి విలువ తగ్గునని చెప్పిన తరువాత వినువారుండరు. పారిస్ అట్టుడికిపోయెను. ఆరు దినములకే శాసనమును రద్దుచేసిరి. పోయిన నమ్మకము మాత్రము తిరిగిరాలేదు. జూలై 17వ తేదీ ఉదయమున చిన్ననోట్లకు నాణెములు పొందుటకై బ్యాంకువద్ద గుమిగూడిన జనసమ్మర్దములో సుమారు 15 మంది నలిగి మరణించిరి. వారు వాటాలతో వ్యాపారము చేసినవారు కారు. నాటి రొట్టెకు వలసిన చిల్లరకొరకు తెల్లవారకమునుపే వచ్చి నిలుచున్న సామాన్యులు. కోపించిన జనులు లా బండిని ముక్కలు చేసిరి. నవంబరు 1వ తేదీనుండి నోట్లకు చలామణి లేదని శాసించిరి. ఋణస్థులు చవుక కాగితముతో అప్పులు తీర్చుకొని బాగుపడిరి. పొదుపుచేసినవారును, పింఛనులపై బ్రతుకువారును నష్టపోయిరి.

1720 డిసెంబరులో లా కుమారునితో ఫ్రాన్సు విడిచిపోయెను. ఇంతటి పతనమున ఒక సంగతి గమనింపదగినది. అతడు తన ధనమునంతటిని ఫ్రాన్సులోనే భూములపై పెట్టెను, పరదేశములలో దాచుకొనలేదు. ఆ ఆస్తియంతయు జప్తయ్యెను. జీవితసహచరి కేథరిన్, కుమార్తె ఫ్రాన్సులో నిలిచిపోయిరి. లా మరల వారితో కలిసి జీవింపలేదు. 1721లో ఇంగ్లండులో పాతనేరమునకు క్షమాపణ లభించెను. 1723లో ఫిలిప్ మరణముతో ఫ్రాన్సు పిలుచునను ఆశయు నశించెను. 1729 మార్చి 21వ తేదీన వెనిస్ నగరమున ఊపిరితిత్తుల జ్వరముతో అతడు మరణించెను.

లా కట్టిన భవనములో ఒక గది మాత్రము చాలకాలము నిలిచెను. ఇండియాల కంపెనీ వర్తకసంస్థగా బ్రతికి, పుదుచ్చేరిని, గోదావరీతీరమున యానామును పాలించెను. డూప్లే, బుస్సీ దాని ఉద్యోగులే. 1757లో బొబ్బిలికోటను ముట్టడించిన సేన దాని సేనయే. లా సోదరుని కుమారుడు జాన్ లా డి లారిస్టన్ తరువాత పుదుచ్చేరి గవర్నరుగ నుండెను.

ఫ్రాన్సులో బ్యాంకను మాటయే పలుకాలము భయహేతువయ్యెను. అచట స్థిరమైన కేంద్రబ్యాంకు ఏర్పడుటకు 1800 వరకు, నెపోలియన్ కాలము వరకు వేచియుండవలసివచ్చెను. అయినను లా తలంపు పూర్తిగా తప్పు కాదు. 1971లో డాలరునకు బంగారముతో గల సంబంధము తెగినపిమ్మట, ప్రపంచమంతయు బంగారపు పూచీ లేని ద్రవ్యముతోనే నడచుచున్నది. ధనము లోహము కానక్కరలేదని అతడు 250 ఏండ్లకు పైగా ముందు గ్రహించెను. అతడు గ్రహింపనిది వేరొకటి. వ్యయముచేయు చేతికే ముద్రించు యంత్రము నప్పగించినచో, చాలునని చెప్పువారుండరు. 1992లో యూరపు దేశములు చేసికొన్న మాస్ట్రిక్ట్ ఒప్పందము, కేంద్రబ్యాంకులు ప్రభుత్వములకు నేరుగా అప్పీయరాదని నిషేధించినది ఇందుకే. నోటునకు ప్రాణము దానివెనుకనున్న బంగారము కాదు. దాని సంఖ్యకు హద్దు గీయగల చేయి, ముద్రింపుమను రాజును సైతము కాదనగల చేయి, దానికి ప్రాణము. జాన్ లా బ్యాంకునకు మొదటి రెండేండ్లు అట్టి కట్టుబాటుండెను, తరువాత లేకపోయెను. అతని ఉత్థానపతనములకు గల కారణము ఇంతియే.